వేటగాడు మరచేవి

వేటకు బయలుదేరే మనిషి విల్లును మరచిపోడు. వినడానికి ఇది చిన్న మాటే. కాని మానవుని మరపును గురించి ఇంతకంటె ఉపయోగకరమైన మాట మరొకటి దొరకడం కష్టం. విల్లు లేకపోతే వేట మొదలే కాదు. కనుక వాకిలి దాటకముందే చేయి దానిని వెతుక్కుంటుంది. నీళ్ల బుర్ర లేకపోయినా, చెకుముకి రాయి లేకపోయినా, చీకటిలో దారి చూపే దివిటీ లేకపోయినా వేట మొదలవుతుంది. కొంతదూరం ఉత్సాహంగా సాగుతుంది కూడా. వాటి అవసరం మధ్యాహ్నానికో, పొద్దు గుంకిన తరువాతనో తెలుస్తుంది. అప్పటికి ఇల్లు చాలా దూరమవుతుంది. ఏ వస్తువు లేకపోతే పని ఆగిపోతుందో దానిని మనిషి మరువడు. ఏ వస్తువు లేకపోయినా పని మొదలవుతుందో దానినే మరుస్తాడు.

లోకం దీనికి మతిమరుపు అని పేరు పెట్టి, మరచినవానిని నాలుగు మాటలతో మందలించి ఊరుకుంటుంది. ఈ తీర్పు సరియైనది కాదు. దోషం మతిదే అయితే విల్లూ బుర్రా సమానంగానే మరపునకు రావాలి కదా! పది వేటలలో ఐదింటికి విల్లు, ఐదింటికి బుర్ర ఇంట్లో ఉండిపోవాలి. అలా జరగడం ఎవరూ చూడలేదు. బయలుదేరే వేళ వేటగాని మనసు తాను కొట్టబోయే మృగం మీద నిలిచి ఉంటుంది. ఆ మృగానికి సంబంధించినవన్నీ జ్ఞాపకముంటాయి. తనకు సంబంధించినవి జారిపోతాయి. చంపడానికి కావలసినవి చేతికి వస్తాయి, బతికి రావడానికి కావలసినవి చూరుకు వేలాడుతూ ఉండిపోతాయి. కనుక మరపును జ్ఞాపకశక్తి లోపంగా కాక, దృష్టి ఎక్కడ నిలిచిందో చెప్పే సాక్ష్యంగా పరిగణించడమే యుక్తం.

ఈ దృష్టి ఎంత పాతదో తెలుసుకోవాలంటే భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలను చూడాలి. రేగొండ ప్రాంతపు అడవిలో నిలిచిన ఈ ఇసుకరాతి గుట్టల మీది చిత్రాలు 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులతో ఆదిమ మానవులు గీసిన బొమ్మలలో అడవిదున్న, జింక, పులి, చిరుతపులి ఉన్నాయి. విల్లు, బాణం, కత్తి, బల్లెం ఉన్నాయి. చంపదగిన మృగాలు, చంపే ఆయుధాలు రెండూ రాతికెక్కాయి. ఆ మనుషులు నీళ్లు తాగకుండా వేటాడి ఉండరు. నిప్పు లేకుండా రాత్రులు గడిపి ఉండరు. అయినా దాహం తీర్చే పాత్రను రాతి మీద గీయాలని ఏ చిత్రకారునికి తోస్తుంది? మనిషి తాను గొప్పగా తలచినదానినే బొమ్మగా గీస్తాడు. బొమ్మకెక్కనిది మరపునకు దగ్గరగా ఉంటుంది.

జనగామ మెట్టనేలలు దాటి తూర్పుగా మహబూబాబాదు వైపు, అక్కడి నుండి ఉత్తరాన భూపాలపల్లి వైపు సాగితే నేల క్రమంగా అడవిగా మారుతుంది. 2016 అక్టోబరులో వేరువేరు జిల్లాలైనా, ఈ సీమలో చాలా భాగం అంతకుముందు వరంగల్లు జిల్లాగా ఒక్కటే. ఒకప్పుడు ఈ అడవులు వేటకు పేరుపొందినవి. 1952లోనే పాకాల అడవి వన్యప్రాణుల అభయారణ్యమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరంగా నిర్ణయించింది. ఆ చట్టం రావలసినదే; అది రాకముందే పులి జాడ అనేక అడవులలో చెరిగిపోయింది. ఇక్కడ వేటను తలచుకోవడం దానిని మెచ్చుకోవడానికి కాదు. అడవిలోకి వెళ్లే మనిషి తన వెంట ఏమి తీసుకువెళ్తాడు, ఏమి మరుస్తాడు అన్నది విల్లు పక్కన పెట్టిన తరువాత కూడా మిగిలే ప్రశ్న.

కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం అడవులలోకి నేటికీ జనం వెళ్తూనే ఉన్నారు. ఎండలు ముదిరే వేళ ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తారు. ఆ తరువాత తునికాకు కోతకు వెళ్తారు. కోయవారికీ, లంబాడీలకూ, మిగిలిన పేదలకూ అది ఏడాదిలో నాలుగు రూపాయలు కళ్లజూసే కాలం. ఆకు తెల్లవారుజామునే కోయాలి, ఎండ ఎక్కకముందే కట్టలు కట్టాలి. ఆ తొందరలో కట్టకు కావలసిన నారను మరచినవారు ఉండరు. నార లేనిదే కట్ట లేదు, కట్ట లేనిదే కూలి లేదు. మరచేది నీళ్లనే. పూర్వం ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు పోసుకొని భుజానికి తగిలించుకొనేవారు. బుర్ర లోపలి నీళ్లు చల్లగా ఉండేవి. నడుస్తుంటే నీళ్లు కదిలే చప్పుడు వినిపించేది. చప్పుడు లేకపోతే బుర్ర ఖాళీ అయినదని చెవికే తెలిసేది. ఇప్పటి ప్లాస్టిక్ సీసా తేలికైనదే కాని అది సంచిలో అడుగున పడి ఉంటుంది. ఉన్నదో లేదో తెలియదు. పరికరం మారినప్పుడు దానితోపాటు అది చేసే హెచ్చరిక కూడా పోతుంది. వైశాఖమాసపు ఎండలో ఈ తేడా చిన్నది కాదు.

సమాజం కూడా ఈ మరపునకు కొంత బాధ్యత వహించాలి. విశాఖ మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగలో మగవారు వేటకు వెళ్లడం, ఉత్తచేతులతో తిరిగివచ్చినవారి మీద ఆడవారు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయడం ఆచారంగా ఉండేది. అందులో సరసమే ఎక్కువ, అవమానం తక్కువ. అయినా అది వేటగాని మనసును ఎటు తిప్పుతుందో గమనించాలి. మృగం లేకుండా వచ్చినవానికి పేడనీళ్లు; మంచినీళ్లు లేకుండా వెళ్లినవానిని మాత్రం అడిగేవారు లేరు. లోకం ఎప్పుడూ ఫలితాన్ని అడుగుతుంది, సన్నాహాన్ని అడగదు.

మన పురాణాలలో ఈ లోపానికి అందరికంటె ఎక్కువ మూల్యం చెల్లించినవాడు పరీక్షిన్మహారాజు. పాండవుల మనుమడు, కలిని నిగ్రహించిన రాజు. ఆయన ఒకనాడు విల్లమ్ములు ధరించి వేటకు వెళ్లాడు. మృగాల వెంట పరుగెత్తి పరివారానికి దూరమయ్యాడు. ఆకలి, అలసట, దాహం ఆయనను ఆక్రమించాయి. శమీక మహర్షి ఆశ్రమం కనిపించింది. మహర్షి కన్నులు మూసుకొని నిశ్చలసమాధిలో ఉన్నాడు. రాజు మంచినీళ్లు అడిగాడు. సమాధానం లేదు. ఆదరించి ఆసనం ఇవ్వలేదనీ, మాటైనా పలుకలేదనీ రాజుకు కోపం వచ్చింది. పక్కన పడి ఉన్న చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని భుజం మీద వేసి వెళ్లిపోయాడు. ముని కుమారుడు శృంగి ఆ సంగతి విని, ఏడవనాడు తక్షకుని విషంతో రాజు మరణించాలని శపించాడు.

ఈ కథ భారతంలోనూ ఉంది, భాగవతంలోనూ ఉంది. అయితే రెండింటికీ ఒక భేదం ఉంది. భారతంలో రాజు మునిని ప్రధానంగా అడిగినది, తాను కొట్టిన మృగం ఎటు పోయిందని. భాగవతంలో అడిగినది నీళ్లు. భారతంలోని రాజు అప్పటికీ వేటగాడే. భాగవతంలోని రాజు అప్పటికే వేటను మరచి దాహార్తుడైన మామూలు మనిషి. అతని చేతిలో విల్లు ఉంది, తూణీరంలో బాణాలు ఉన్నాయి. ఒక్క చెంబెడు నీళ్లు లేవు. పామును ఎత్తడానికి పనికివచ్చినది కూడా ఆ వింటికొనయే. చేతిలో ఏ పరికరం ఉంటే కోపం ఆ పరికరాన్నే వాడుకుంటుంది. విల్లుకు బదులు నీళ్ల బుర్ర ఉన్నట్లయితే పరీక్షిత్తు ఆ ఆశ్రమంలోకి అడుగుపెట్టవలసిన అవసరమే కలిగేది కాదు.

ఇంకొక సూక్ష్మమైన విషయం ఉంది. శృంగి శాపమిచ్చే ముందు కౌశికీ నదీజలాన్ని స్పృశించాడని భాగవతం చెబుతుంది. అంటే నీరు ఆ పరిసరాలలోనే ఉంది. రాజు వెతికిన నీరు రాజుకు దొరకక, ఆ రాజును శపించే పిల్లవాని చేతికి దొరికింది. దాహమైనప్పుడు బావి తవ్వినట్లు అని సామెత. పరీక్షిత్తు బావిని తవ్వలేదు, నదిని వెతకలేదు. ఎదుట కనిపించిన మనిషి తనకు సేవ చేయాలని ఆశించాడు. సన్నాహం లేకుండా బయలుదేరినవానికి ఎదుటివారి మీద కోపం రావడం లోకంలో తరచుగా కనిపించేదే. రైలు తప్పిపోయినవాడు స్టేషను మాస్టరును నిందిస్తాడు.

నీతిశాస్త్రకారులు వేటను సప్తవ్యసనాలలో చేర్చారు. దానిని సమర్థించినవారూ లేకపోలేదు. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం రెండవ అంకంలో దుష్యంతుని సేనాపతి వేటను చాలా మెచ్చుకుంటాడు. శరీరం తేలికపడుతుందట, భయంలోనూ కోపంలోనూ మృగాల చిత్తవృత్తి తెలుస్తుందట, కదిలే గురిని కొట్టే నేర్పు వస్తుందట. అన్నీ నిజమే. కాని అదే అంకం మొదట్లో విదూషకుడు వేరొక లెక్క చెబుతాడు. ఎండవేళ చెట్ల నీడ కూడా లేని అడవులలో తిరగడం, ఆకులు కుళ్లి వగరెక్కిన సెలయేటి నీళ్లు తాగడం, వేళ తప్పి తినడం తన ప్రాణాలను తీస్తున్నాయని వాపోతాడు. సేనాపతికి విల్లు గుర్తున్నది, విదూషకునికి నీళ్లు గుర్తున్నవి. ప్రేక్షకులు విదూషకుని మాటలకు నవ్వుతారు. పరీక్షిత్తు వెంట అటువంటి విదూషకుడు ఒకడు ఉండి ఉంటే కథ మరొక విధంగా నడిచేదేమో!

వేటగాడు ఏమీ జ్ఞాపకం పెట్టుకోనవసరం లేని వేటలు కూడా ఈ ప్రాంతంలోనే జరిగాయి. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ ప్రభువు మహబూబాబాదుకు చేరువలో ఉన్న నెక్కొండ అడవులకు పులుల వేటకు వచ్చాడు. ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ తీసిన చిత్రాలు నేటికీ ఉన్నాయి. చచ్చిన పులి దగ్గర వైస్రాయి దంపతులు నిలబడిన చిత్రం చాలామంది చూసినదే. అటువంటి వేటలలో విడిది ఏర్పాట్లు చూసేవారు ఒకరు, తుపాకులు తుడిచేవారు ఒకరు, తప్పెట్లతో మృగాన్ని తోలే పల్లెజనం వందలాదిమంది. ప్రభువుకు మరపు కలిగే అవకాశమే లేదు. ఆయన పక్షాన గుర్తుంచుకోవడానికి ఒక చిన్న సైన్యం ఉంది. అయితే ఆ పల్లెజనానికి ఏప్రిల్ ఎండలో ఎవరు నీళ్లు మోసుకువచ్చారు? ఛాయాచిత్రం ఆ సంగతి చెప్పదు. పాండవుల గుట్టల చిత్రకారునికీ, ఈ ఛాయాగ్రాహకునికీ ఈ విషయంలో పెద్ద భేదం లేదు.

వేటగాళ్లందరి అనుభవం ఇలా ఉండదు. జిమ్ కార్బెట్ 1907లో కుమావూ కొండలలోని చంపావత్ దగ్గర, 436 మందిని పొట్టన పెట్టుకున్నదని చెప్పే ఆడపులిని వేటాడాడు. ఆనాడు ఆయన వెంట తీసుకువెళ్లినవి మూడే తూటాలు. సాధారణంగా ఒకటి రెండు చాలుననీ, మూడవది ఆపద్ధర్మంగా ఉంటుందనీ ఆయన లెక్క. మూడూ అయిపోయాయి, పులి మాత్రం చావలేదు. గాయపడి ఎదుట నిలిచిన పులిని వదలి ఆయన వెనక్కి పరుగెత్తి, తహసీలుదారు చేతిలోని పాత తుపాకిని లాక్కొని రావలసి వచ్చింది. గొట్టాలకూ వెనుక భాగానికీ మధ్య సందు విడిచిన తుపాకి అది. నోటికి గురిపెట్టిన గుండు పంజాకు తగిలింది. అంతకుముందు తగిలిన గాయాలతోనే పులి చచ్చింది. 1944లో వెలువడిన తన గ్రంథంలో కార్బెట్ ఈ సంగతిని దాచకుండా చెప్పుకున్నాడు. ఆయన తుపాకిని మరువలేదు, తూటాలను కూడా మరువలేదు. ఎన్ని తూటాలు కావాలన్న ప్రశ్నను మరచాడు. ఆత్మవిశ్వాసం కలవారి మరపు ఈ విధంగా ఉంటుంది. వస్తువు ఉంటుంది, చాలినంత ఉండదు.

నీళ్ల పాత్ర లేని వేటగాడు మరొకడు మన సాహిత్యంలో ఉన్నాడు. అతడు కన్నప్ప. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఈ భక్తుని కథను చెప్పాడు. తరువాత ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో అతనినే తిన్నడుగా విస్తారంగా చిత్రించాడు. అడవిలో లింగం కనిపించగానే దానికి నైవేద్యం పెట్టాలి, అభిషేకం చేయాలి, పూజ చేయాలి అనిపించింది. వేటకు వచ్చినవాని దగ్గర పూజాద్రవ్యాలు ఎక్కడివి? చేతులు వింటితో, మాంసంతో నిండి ఉన్నాయి. చెంబు లేదు. అతడు నోటిని చెంబుగా చేసుకున్నాడు. తలను పూలసజ్జగా చేసుకున్నాడు. పరీక్షిత్తుకూ కన్నప్పకూ లోపించిన వస్తువు ఒక్కటే. ఒకరు ఆ లోపాన్ని ఎదుటివాని నేరంగా లెక్కించాడు, మరొకడు తన శరీరంతో పూరించాడు. ఆచారవంతుడైన అర్చకునికి ఆ పుక్కిటి నీళ్లు అపచారంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. దేవునికి అలా కనిపించలేదని కవులు ఇద్దరూ చెప్పారు.

అయితే అందరూ కన్నప్పలు కాలేరు. అడవిలో చిక్కుకున్న తరువాత ఉపాయం తోస్తుందని నమ్ముకొని బయలుదేరడం వివేకం కాదు. మరి మార్గం ఏమిటి? గట్టిగా గుర్తుపెట్టుకోమని చెప్పడం మార్గం కాదని మొదటే స్పష్టమైంది. మరచే వస్తువును మరువని వస్తువుతో ముడివేయడమే మార్గం. విల్లు వేలాడే కొయ్యకే నీళ్ల బుర్రను కూడా వేలాడదీసిన వేటగాడు దాహంతో చావడు. అతనికి గొప్ప జ్ఞాపకశక్తి ఉండనవసరం లేదు. ఒక కొయ్య ఉంటే చాలు.

ఈ సూత్రం ఎంత బాగా పనిచేస్తుందో భూపాలపల్లిలోనే చూడవచ్చు. అక్కడ సింగరేణి సంస్థవారి కాకతీయ ఖనులలో భూగర్భంలోకి దిగే కార్మికుడు మొదట ల్యాంప్ రూముకు వెళ్తాడు. టోపీకి తగిలించే దీపం, విషవాయువులు వ్యాపిస్తే ఊపిరి నిలిపే సెల్ఫ్ రెస్క్యూయర్ అక్కడ తీసుకుంటాడు. ఎవరి దీపం ఎవరు తీసుకున్నారో, ఎవరు తిరిగి ఇచ్చారో అక్కడ లెక్క ఉంటుంది. దీపం తీసుకోవడం అతని హాజరులో ఒక భాగం. అతడు ఆ రోజు ఇంటి దిగులుతో ఉన్నా, నిద్ర చాలకపోయినా, దీపం లేకుండా పాతాళంలోకి దిగడం కుదరదు. అతని మనసు ఎక్కడ ఉన్నా ఆ ఏర్పాటు అతనిని కాపాడుతుంది. తిరిగి రాని దీపం ఒకటి కనిపిస్తే, లోపల మనిషి ఒకడు ఉన్నాడని పైనున్నవారికి తెలుస్తుంది. అడవికి వెళ్లిన వేటగాని కోసం ఊరు ఏనాడూ ఇంతటి శ్రద్ధతో లెక్క పెట్టలేదు. గని కార్మికులకు కూడా ఈ ఏర్పాట్లు ఊరకే రాలేదు. ఎన్నో ప్రమాదాల తరువాత, ఎన్నో ప్రాణాలు పోయిన తరువాత నియమాలుగా మారాయి.

విమానాల చరిత్ర కూడా ఈ సంగతినే చెబుతుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో బోయింగ్ సంస్థవారి కొత్త యుద్ధవిమానం పరీక్షకు లేచి, కొద్ది క్షణాలలోనే కూలిపోయింది. ఇద్దరు మరణించారు. నేల మీద నిలిపి ఉంచినప్పుడు గాలికి కదలకుండా తోక రెక్కలకు వేసిన బిగింపును తీయడం మరచారని తేలింది. నడిపినవారు కొత్తవారు కారు. ఎంతో అనుభవం కలవారు. బిగింపు తీయకపోయినా విమానం నేలను వదలి లేస్తుంది. ఇక్కడే ప్రమాదం దాగి ఉంది. ఆ తరువాత, బయలుదేరే ముందు చదివి చూసుకోవలసిన పట్టీ ఒకటి చాలకులకు ఏర్పాటైంది. ఎంత ఆరితేరిన చాలకుడైనా నేటికీ ఆ పట్టీని చదవవలసిందే. చదవడం తన ప్రతిష్ఠకు భంగమని ఎవరూ భావించరు.

మన వీధులలో అంత వినయం కనిపించదు. మోటారుసైకిలు తాళంచెవిని మరచి బయలుదేరిన యువకుడు లేడు; హెల్మెట్ మరచి బయలుదేరినవారు ప్రతి కూడలిలో కనిపిస్తారు. తాళంచెవి లేనిదే బండి కదలదు, హెల్మెట్ లేకపోయినా కదులుతుంది. పరీక్షకు వెళ్లే విద్యార్థి కలాలను నాలుగు తీసుకువెళ్తాడు, హాల్‌టికెట్టును బల్ల మీద వదలి వెళ్తాడు. రాత్రంతా అతని మనసు ప్రశ్నల మీద నిలిచింది. ద్వారం దగ్గర నిలబడే మనిషి మీద నిలువలేదు.

వేట నిషిద్ధమైన ఈ కాలంలో దొంగచాటు వేట మరొక రూపం ధరించింది. విల్లూ లేదు, తుపాకీ లేదు. అడవిదారికి అడ్డంగా తీగ కట్టి, దానికి కరెంటు కలిపి, వేటగాడు ఇంటికి పోయి పడుకుంటాడు. పూర్వపు వేటగాడు బుర్రను మరచేవాడు, దివిటీని మరచేవాడు. ఇతడు తననే ఇంట్లో వదలి వేటకు వెళ్తున్నాడు. చూసే కన్ను అక్కడ లేదు. వచ్చేది పందియా, పశువా, మనిషియా అని గుర్తించి చేతిని వెనక్కు తీసుకోగలిగే వివేకం అక్కడ లేదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో విధినిర్వహణలో ఉన్న గ్రేహౌండ్స్ కానిస్టేబులు ఒకరు ఇటువంటి తీగ తగిలి ప్రాణాలు కోల్పోయారు. చీకటిలో చప్పుడు విని బాణం వేసి మునికుమారుని చంపిన దశరథుడు కనీసం ఆ ఆర్తనాదం విని పరుగెత్తి వెళ్లాడు. ఆ బాలుని చివరి మాటలు విన్నాడు. తీగ కట్టినవానికి ఆ అవకాశం కూడా లేదు. వేటకు అన్నిటికంటె ముఖ్యమైన పరికరం వేటగాని కన్నే అని ఒప్పుకుంటే, ఇంతకంటె పెద్ద మరపు ఇంకొకటి లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒకే సూత్రానికి లోబడినవి. ఈ సూత్రానికి తెలుగు సాహిత్యంలో ఒక్క గొప్ప మినహాయింపు ఉంది. అది కూడా పాలకుర్తి మండలంలోని బమ్మెర పేరును ఇంటిపేరుగా ధరించిన కవి చేతి నుండి వచ్చింది. పోతన భాగవతం అష్టమ స్కంధంలో మొసలి నోట చిక్కిన గజరాజు మొర విని శ్రీమహావిష్ణువు వైకుంఠం నుండి బయలుదేరుతాడు. బయలుదేరేది ఒక క్రూరమృగాన్ని వధించడానికే కనుక ఒక విధంగా అదీ వేటయే. కాని స్వామి లక్ష్మీదేవికి చెప్పడు, శంఖచక్రాలను చేత ధరించడు, పరివారాన్ని పిలువడు, గరుడుని సిద్ధం చేయడు. ఏ వస్తువులు లేకపోతే పని మొదలే కాదో సరిగ్గా వాటినే మరచాడు. పని మాత్రం మొదలైంది.

సంస్కృత భాగవతంలో ఈ మరపు లేదు. అక్కడ స్వామి చక్రాయుధం ధరించి, గరుడుని అధిరోహించి, సన్నద్ధుడై వస్తాడు. ఆపదలో ఉన్నవానిని రక్షించడానికి వచ్చేవాడు ఆయుధంతో రావడమే న్యాయం కదా! పోతన ఆ న్యాయాన్ని పక్కన పెట్టాడు. ఆయుధాలు తీసుకొని వచ్చిన దేవుడు సమర్థుడు. ఆయుధాలు మరచి పరుగెత్తిన దేవుడు ఆర్తుని బాధలో భాగస్వామి. పరీక్షిత్తు మనసు మృగం మీద నిలిచినందువలన తన దాహాన్ని మరచాడు. విష్ణువు మనసు ఏనుగు మీద నిలిచినందువలన తన బలాన్ని మరచాడు. పోతన తరువాతి పద్యంలో లక్ష్మి, గరుడుడు, శంఖచక్రాదులు, వైకుంఠవాసులందరూ స్వామి వెనుక వరుసగా పరుగెత్తుతారు. మరచిన సామగ్రి తానే వెదకుకుంటూ వెంటవచ్చే భాగ్యం దేవునికి తప్ప మరెవరికీ లేదు. వచ్చిన చక్రంతోనే స్వామి మొసలి తలను ఖండించాడు. ఆయుధం అనవసరమని పోతన చెప్పలేదన్న సంగతిని గుర్తించాలి.

ఈ పద్యాన్ని గురించి జనం చెప్పుకొనే కథ ఒకటి ఉంది. ఆయుధాలు లేకుండా వచ్చి ఏనుగును ఎలా రక్షిస్తాడని శ్రీనాథుడు పోతనను ఆక్షేపించాడట. పోతన మారుమాట పలుకక, కొంతసేపటికి ఒక రాయిని బావిలో పడవేయించి, నీ బిడ్డ బావిలో పడ్డాడని కేక పెట్టించాడట. శ్రీనాథుడు భోజనం మధ్యలో లేచి బావి దగ్గరకు పరుగెత్తాడు. తాడు ఏది, నిచ్చెన ఏది అని పోతన అడిగాడట. ఇది చరిత్ర కాదు. కవులిద్దరినీ బావమరదులను చేసి లోకం అల్లుకున్న కట్టుకథ. అయినా కథ అల్లినవారు కవిత్వం తెలిసినవారు. ఒక సందేహం మాత్రం మిగులుతుంది. నిజంగానే బిడ్డ పడి ఉంటే, తాడు లేకుండా వచ్చిన తండ్రి ఏమి చేసి ఉండేవాడు? అతని వెనుక తాడు తానే పరుగెత్తుకుంటూ వచ్చేది కాదు. ఇరుగుపొరుగులలో ఒకరైనా, గాబరా పడకుండా, తాడు పట్టుకొని రావలసిందే.

గజేంద్రుని కథను శుకమహర్షి చెబుతుండగా గంగాతీరంలో కూర్చొని విన్నవాడు పరీక్షిత్తే. శాపం సంగతి తెలిసిన తరువాత ఆయన రాజ్యాన్ని కుమారునికి అప్పగించి, ప్రాయోపవేశం చేశాడు. విల్లు లేదు, అంబులపొది లేదు, పరివారం లేదు. ఎదుట గంగ నిండుగా ప్రవహిస్తున్నది. ఒక్క పూట దాహానికి ఓర్వలేక పామును ఎత్తిన ఆ రాజు, దశమ స్కంధం మొదలయ్యే వేళకు, నీరు కూడా విడిచిపెట్టిన తనను దాహం బాధించడం లేదనీ, కథ ఆపవద్దనీ శుకుని వేడుకుంటున్నాడు.